లూదియా మేడమ్‌కు అర్థం కాలేదు

మా లూదియా మేడమ్‌కు ఏ మాటా ఒకసారి చెప్తే అర్థం కాదు. రెండోసారి చెప్పినా అనుమానమే. మూడోసారి, పలక పట్టిన పిల్లలకు చెప్పినట్టు విడమరిచి చెప్తే, అప్పుడు నెమ్మదిగా తల ఊపి, "ఆ, ఇప్పుడు అర్థమైందప్పా" అంటారు. అంతవరకూ చెప్పేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే, అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు.

కొందరి బుర్రలు అంతేలే అని మీరు అనుకోవచ్చు. అందుకే ఆ బుర్ర సంగతి ముందే చెప్పేస్తాను. మేడమ్ లెక్కల్లో ఎమ్మెస్సీ. మాల్దీవుల్లో, చుట్టూ సముద్రం తప్ప ఇంకేమీ కనపడని ఒక చిన్న దీవిలో, పద్నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చారు. అక్కడి పిల్లలు రాసేవి ఇంగ్లండు వాళ్ళు పెట్టే పరీక్షలు. ఆ ప్రశ్నపత్రం ఒకటి నాకు చూపించారు. నేను రెండు నిమిషాలు చూసి, మర్యాదగా మడత పెట్టి తిరిగి ఇచ్చేశాను. నేను చెప్పేది సోషల్.

నా పేరు జాహ్నవి. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పనిచేస్తాను. ఇల్లు నంద్యాలలో. రెండేళ్ళ కిందట జూన్‌లో లూదియా మేడమ్ మా స్కూల్లో చేరారు. ఆమెదీ నంద్యాలే, నూనెపల్లె. రోజూ పోనూ రానూ ఒకే బస్సు, ఒకే సీటు. కాబట్టి ఆమెకు అర్థం కాని సందర్భాల్లో సగానికి పైగా నేను పక్కనే ఉన్నాను. తలెత్తుకోలేక కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాను.

మొదటి వారంలోనే ఒకటి జరిగింది. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ మీదుగా పోయే బస్సొకటి కనపడితే ఎక్కి కూర్చున్నాం. కండక్టరు తలుపు దగ్గర నిలబడి ఒక్క ఊపిరిలో, "ఆళ్లగడ్డ నాన్‌స్టాప్, స్టేజీల్లేవ్, రిక్వెస్టుల్లేవ్" అని అరిచి లోపలికొచ్చాడు.

"అన్నా, నాకు అర్థం కాలేదు. మళ్ళా చెప్పు" అన్నారు మేడమ్.

"నాన్‌స్టాపమ్మా. మధ్యలో స్టేజీలు లేవు."

"స్టేజీలు లేవంటే?"

"నిలపం అని."

"యాడ నిలపరు?"

కండక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అతను టికెట్ల మిషన్ చంకలో పెట్టుకుని, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ, బస్సంతా వినపడేలా చెప్పాడు. "ఈ బస్సు శిరివెళ్ల మెట్టలో ఆగదు. యాడా ఆగదు. ఈడ కదిలితే ఆళ్లగడ్డలోనే ఆగుతాది. ఇప్పుడర్థమైందా తల్లీ?"

"అర్థమైందప్పా. సక్కగా చెప్పినావ్."

మా ముందు సీట్లో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ ఇదంతా విని, ఏమనుకుందో ఏమో, మూట తీసుకుని గబగబా దిగిపోయింది. మేడమ్ ధాటికి విసిగి వేరే బస్సు చూసుకుందని అప్పుడు నేను అనుకున్నాను.

పద్నాలుగేళ్ళ తర్వాత సొంత ఊరికి వచ్చిన మనిషికి ఊరు అలవాటు కావడం కూడా ఒక పెద్ద పనే. మాల్దీవుల్లో శుక్ర, శనివారాలు సెలవట, ఆదివారం బడట. మేడమ్ బుధవారం మా స్కూల్లో చేరి, గురువారం పాఠం చెప్పి, శుక్రవారం హాయిగా ఇంట్లో ఉండిపోయారు. హెడ్మాస్టరు మద్దిలేటి సార్ ఫోను చేస్తే, "ఈ దినం సెలవు కదా సార్" అన్నారు. ఆదివారం మాత్రం పొద్దున ఏడింటికే ఇస్త్రీ చీరలో ఆళ్లగడ్డ చేరి, తాళం వేసిన గేటు ముందు నిలబడ్డారు. వాచ్‌మన్ నరసింహులు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా, ఈ దినం వచ్చినావ్?"

"పిల్లోళ్ళు ఒక్కరూ రాలేదేమప్పా?"

"ఆదివారం కదమ్మా. నీకు చర్చి లేదా?"

మేడమ్ నాలుక కరుచుకున్నారు. దీవిలో ఉన్నన్నాళ్ళూ ఆదివారం సాయంత్రం బడి నుంచి వచ్చాక, గదిలో తలుపేసుకుని ఒక్కతే కూర్చుని బైబిలు చదువుకునేదాన్నని, ఆదివారం పొద్దున చర్చికి పోవచ్చనే మాటే మరిచిపోయానని నాకు తర్వాత చెప్పారు. అప్పటికప్పుడు బస్సెక్కి నంద్యాల చేరి, ఆఖరి ప్రార్థనకు అందుకున్నారట.

రోడ్డు దాటడం ఇంకో కథ. ఆ దీవిని చివరి నుంచి చివరి దాకా నడవడానికి ఇరవై నిమిషాలు. ఉన్న బండ్లు పదకొండు. వాటి నంబర్లు, నడిపేవాళ్ళ పేర్లు, వాళ్ళ పిల్లల మార్కులు అన్నీ మేడమ్‌కు తెలుసు. అటువంటి మనిషి నంద్యాల శ్రీనివాస సెంటర్లో నిలబడి, క్లాసులో పిల్లల్ని ఆపినట్టు అరచెయ్యి ఎత్తి రోడ్డు మీదికి దిగేస్తారు. విచిత్రం ఏమిటంటే ఆటోలు ఆగుతాయి. "వాళ్ళల్లో సగం మంది యాడో ఒక లెక్కల టీచరు చేతిలో దెబ్బలు తిన్యోళ్ళే జాహ్నవీ" అంటారు తాపీగా.

తిండి మీద బెంగ గురించీ చెప్పాలి. దీవిలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చేపే. మేడమ్‌కేమో బొరుగులతో, అదే మరమరాలతో చేసే ఉగ్గాని మీద ప్రాణం. ఒకసారి సెలవుల తర్వాత పెట్టె నిండా బొరుగులు కూరుకుని పోయారట. విమానాశ్రయంలో అధికారి పెట్టె తెరిచి, ఇదేమిటన్నాడు. ఈమె చెప్పారు. అతను అర్థం కాలేదన్నాడు. మళ్ళీ చెప్పారు. ఇంకా అర్థం కాలేదన్నాడు. చివరికి గుప్పెడు తీసి అతని చేతిలో పోస్తే, నమిలి చూసి, ఏమీ లేదు, గాలి అని పంపించేశాడట. "మూడుసార్లు చెప్పించుకున్యాడు జాహ్నవీ" అని ఆమె ఫిర్యాదు చేస్తుంటే నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

ఇక చర్చి సంగతి. క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం నన్నూ పిలుచుకుని పోయారు. ఆరాధన చివర్లో సెక్రటరీ రాజరత్నం గారు లేచి ప్రకటనలు చదివారు. "వచ్చే శనివారం మన ప్రాంగణంలో ఉచిత మధుమేహ నిర్ధారణ శిబిరం. నలభై దాటినవారందరూ ఫాస్టింగ్‌లో హాజరు కావలెను."

మూడో వరసలోంచి మేడమ్ లేచారు. పక్కన ఉన్న ఆమె భర్త ఎజ్రా అన్న, కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, స్తంభాలు ఎక్కడానికి జంకనివాడు, పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"రాజరత్నం అన్నా, నాకు అర్థం కాలేదు."

"శిబిరం సిస్టర్. మధుమేహం."

"ఫాస్టింగంటే ఉపవాస ప్రార్థనా అన్నా?"

చర్చిలో చిన్న కదలిక పుట్టింది. రాజరత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రార్థన కాదు సిస్టర్. షుగరు పరీక్ష. రక్తం తీస్తారు."

"ఐతే ఫాస్టింగెందుకు?"

"పొద్దున ఏమీ తినకుండా రండమ్మా. టీ కూడా తాగొద్దు. రక్తం తీసినాక మేమే ఇడ్లీ పెడతాం."

"ఆ, ఇప్పుడర్థమైంది" అని కూర్చున్నారు. ఎజ్రా అన్న నా వైపు వంగి గుసగుసగా, "ఈమెకు అర్థమయ్యేలోపల ప్రభువు రెండో రాకడ కూడా ఐపోతాదమ్మా" అన్నాడు.

ఆ శనివారం శిబిరానికి జనం బాగా వచ్చారట, అందరూ ఖాళీ కడుపుతో. ఇడ్లీలు చాలక రాజరత్నం గారు రెండుసార్లు తెప్పించారట. ఆ ఘనత ఇడ్లీలదే అని నేను అనుకున్నాను.

స్కూల్లో ఈ జబ్బుకు ఎక్కువగా బలైనవారు మద్దిలేటి సార్. సార్ మంచివారే. కానీ మాట్లాడటం మొదలుపెడితే వాక్యానికి నాలుగు ఇంగ్లీషు మాటలు పడకపోతే హెడ్మాస్టరు హోదాకు లోటని ఆయన నమ్మకం. ఒక శనివారం స్టాఫ్ మీటింగు పెట్టి, "ఇకమీదట ప్రతి సబ్జెక్టుకూ అవుట్‌కమ్ మ్యాట్రిక్స్ ప్రిపేర్ చేసి, వీక్లీ బేసిస్‌లో ఇంప్లిమెంట్ చేసి, రివ్యూకు సబ్మిట్ చేయాలి" అన్నారు. మేమంతా తల ఊపాం. కొత్తగా చేరిన తెలుగు టీచరు దీవెన పాపం తల ఊపుతూనే అన్నీ రాసుకుంటోంది, రాసుకుంటూనే చెమటలు తుడుచుకుంటోంది.

"నాకు అర్థం కాలేదు సార్" అన్నారు మేడమ్.

సార్ మళ్ళీ చెప్పారు. ఈసారి మ్యాట్రిక్స్‌లో గళ్ళు ఉంటాయన్నారు.

"గళ్ళల్లో ఏం రాయాల సార్?"

"అవుట్‌కమ్స్ మేడమ్."

"అంటే?"

సార్ లేచి బోర్డు మీద గళ్ళు గీశారు. మొదటి గడిలో ఏదో రాసి కొట్టేశారు. రెండో గడిలో ఏమీ రాయకుండా చాలాసేపు నిలబడ్డారు. సుద్దముక్క అరచేతిలో తిప్పుతూ, "దీన్ని వచ్చే సంవత్సరం చూద్దాం" అని మీటింగు ముగించారు. దీవెన కళ్ళలో వెలుగు నేను చూశాను. కానీ ఆ వెలుగుకూ మేడమ్ మొద్దుబుద్ధికీ ఏదైనా సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

ఒకసారి ఎజ్రా అన్నను అడిగాను. "అన్నా, ఇంట్లో కూడా మేడమ్‌కు ఇంతేనా? అన్నీ మూడుసార్లు చెప్పాలా?"

"ఇంట్లో యాడమ్మా" అన్నాడు దిగులుగా. "నేను నోరు తెరవకముందే అర్థమైపోతాది. నిన్న వట్టిగా చెప్పులేసుకుంటి. బజ్జీల బండికాడికి పోవద్దు అన్యాది."

అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంట్లో అంత బాగా పనిచేసే బుర్ర గడప దాటగానే ఎందుకు ఆగిపోతుంది?

జవాబు కిందటి నవంబరులో దొరికింది.

మా పదో తరగతిలో ప్రవళిక అని ఒక అమ్మాయి ఉండేది. వెనక బెంచీలో గోడ పక్కన కూర్చునేది. ఏది అడిగినా "అర్థమైంది మేడమ్" అనేది. లెక్కల పరీక్షలో మాత్రం నూటికి పదకొండు, పద్నాలుగు. వాళ్ళమ్మ రామేశ్వరమ్మ కూలి పనికి పోయేది. భర్త లేడు. ఒక్కతే కూతురు.

పబ్లిక్ పరీక్షలకు పేర్లు పంపే సమయం వచ్చింది. మద్దిలేటి సార్ రామేశ్వరమ్మను పిలిపించారు. క్లాసు టీచరుగా లూదియా మేడమ్ కూర్చున్నారు. రిజిస్టరు రాయడానికి నన్ను పిలిచారు. రామేశ్వరమ్మ శనగ చేలో పని ఆపి వచ్చింది. కాళ్ళకు నల్లరేగడి ఇంకా ఆరలేదు. కుర్చీ చూపిస్తే వద్దని, గోడ వార నిలబడింది.

"చూడమ్మా" అన్నారు సార్. "ప్రవళిక ఫ్యూచర్ దృష్టిలో పెట్టుకుని మేనేజ్‌మెంట్ ఒక డెసిషన్ తీసుకుంది. ఆల్టర్నేటివ్ స్ట్రీమ్‌లో ఐతే పాపకు స్ట్రెస్ లేకుండా టెన్త్ కంప్లీట్ ఔతుంది. ఆమె మంచికే. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఆమె ముందుకు జరిపారు.

"అట్లే సార్" అంది రామేశ్వరమ్మ.

"అర్థమైంది కదా?"

"అర్థమైంది సార్." పెన్ను తీసుకుంది. ఆమెకు సంతకం వచ్చు. అదొక్కటే వచ్చు. ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది.

"సార్" అన్నారు లూదియా మేడమ్. "నాకు అర్థం కాలేదు."

సార్ కళ్ళు మూసుకుని తెరిచారు. "మేడమ్, మీకు నేను తర్వాత చెప్తాను."

"ఇప్పుడే చెప్పండి సార్. క్లాస్ టీచర్ని కదా."

"అదే, రెగ్యులర్‌గా కాకుండా ఓపెన్ స్కూల్ ద్వారా అప్పియర్ ఔతుంది. మన నామినల్ రోల్స్‌లో ఉండదు."

"రోల్స్‌లో ఉండదంటే ఏంది సార్?"

"పేరుండదు మేడమ్. టీసీ తీసుకుంటుంది."

"టీసీ తీసుకుంటే రేపు బడికి వస్తాదా, రాదా?"

రామేశ్వరమ్మ చేతిలో పెన్ను కాగితానికి జానెడు ఎత్తులో ఆగింది.

"రాదు" అన్నారు సార్. ఆయన గొంతులో ఓపిక అయిపోతోంది. "రేపట్నుంచి బడికి రానక్కర్లేదు."

"ఎందుకు సార్? నాకు అది అర్థం కాలేదు."

"ఎందుకంటే ఆ పిల్ల లెక్కల్లో తప్పుతుంది. తప్పితే మన నూటికి నూరు శాతం రిజల్టు పోతుంది. అందుకు. ఇంతకంటే ఎట్లా చెప్పమంటారు?"

ఇంతకంటే చెప్పాల్సిన పనిలేదు. సార్ తన నోట్లోంచి వచ్చిన మాటను తానే విన్నట్టు, బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరిపారు.

"అంటే నా బిడ్డను బడిలోనుంచి తీసేస్తాండారా సార్?" అంది రామేశ్వరమ్మ. గట్టిగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "పెద్ద బడికి యాడికో పంపిస్తారేమో అనుకుంటి. సంతోషపడితి గూడా."

ఆమె పెన్నుకు మూత పెట్టి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "నేను చెయ్యను సార్. తప్పితే తప్పనీ. ఈ బడిలోనే రాస్తాది."

మద్దిలేటి సార్ మొహం ఎర్రబడింది. కోపం ఆమె మీద చూపించలేక మేడమ్ వైపు తిరిగారు. "ఏడాదిన్నరగా చూస్తున్నాను. ప్రతిదానికీ అర్థం కాలేదు, అర్థం కాలేదు. ఎమ్మెస్సీ చదివారు. మీకు నిజంగానే అర్థం కాదా మేడమ్?"

"నాకు మొదటిసారే అర్థమైంది సార్" అన్నారు లూదియా మేడమ్.

నా పెన్ను రిజిస్టరు మీద ఒకేచోట నిలబడి, అక్కడ పెద్ద సిరాచుక్క అయింది. అది ఇప్పటికీ ఉంది.

"ఐతే ఆ అమ్మాయి బాధ్యత మీదే" అన్నారు సార్ చివరికి.

"నాదే సార్."

ఆ సాయంత్రం బస్సులో నేను కిటికీలోంచి చూడలేదు. ఆమె వైపే చూశాను. "మేడమ్, ఇన్నాళ్ళూ మీకు అన్నీ అర్థమయ్యాయా?"

"కొన్ని కాలేదులే" అన్నారు. "మద్దిలేటి సార్ గళ్ళ కాగితం ఇప్పటికీ అర్థం కాలేదు."

శిరివెళ్ల మెట్ట దాటాక ఆమే చెప్పారు.

దీవికి పోయిన మొదటి ఏడాది. అక్కడి భాష దివేహి. ఈమెకు ఒక్క ముక్క రాదు. పిల్లలకు ఇంగ్లీషు కొంచెం, వాళ్ళ అమ్మలకు ఇంకా తక్కువ. పరీక్షలు పక్క దీవిలో. పడవలో పోవాలి. పడవను వాళ్ళు దోనీ అంటారట, మన దోనె లాగే. వాతావరణం బాగాలేదని పడవ టైము ముందుకు మార్చారు. ఏడున్నరకు కాదు, ఆరింటికే బయలుదేరుతుందని తల్లులందర్నీ పిలిచి మేడమ్ ఇంగ్లీషులో చెప్పారు. అర్థమైందా అని అడిగారు. యెస్ మిస్, యెస్ మిస్ అన్నారు అందరూ.

"షజ్నా అని ఒక పిల్ల. ఆ ఏడాది మా క్లాసులో లెక్కల్లో అందరికంటే ఫస్టు. ఏడున్నరకు నీట్‌గా జడలేసుకుని వాళ్ళమ్మతో ఒడ్డుకొచ్చింది. మేము అప్పటికి సముద్రంలో సగం దూరం పోయినాం."

"మరి?"

"ఇంకో పడవ లేదు. పరీక్ష పోయింది. ఏడాది పోయింది." కొంగు సర్దుకున్నారు. "తర్వాత దినం వాళ్ళమ్మ నాకాడికొచ్చి క్షమించమని అడిగింది జాహ్నవీ. ఇంగ్లీషు రాకపోవడం తన తప్పంట. చెప్పడం రాకపోయింది నాకు. సిగ్గుపడింది ఆమె."

బస్సులో ఎవరి ఫోనులోనో పాట వస్తోంది. మేడమ్ మామూలు గొంతుతో అన్నారు. "అర్థమైందా అని అడిగితే ఈ లోకంలో ఎవరూ కాలేదనరు. సిగ్గు. ఎవరో ఒకరు ముందు నాకు కాలేదు అంటే మిగిలినోళ్ళ పని సులువైతాది. నాకు ఎమ్మెస్సీ ఉంది. నన్ను మొద్దు అనుకుంటే నాకొచ్చిన నష్టమేముంది?"

అప్పటి నుంచి ఆమె అర్థం కాలేదన్న ప్రతిసారీ, కిటికీ వైపు కాకుండా, చుట్టూ నిజంగా ఎవరికి అర్థం కాలేదో చూడటం నాకు అలవాటైంది.

ప్రవళిక బాధ్యత తీసుకోవడమంటే ఏమిటో ఆ మర్నాడే తెలిసింది. సాయంత్రం బడి విడిచాక గంటసేపు లెక్కలు. ఇద్దరం కలిసే బస్సెక్కుతాం కాబట్టి నేనూ ఉండాల్సిందే. మేడమ్ బోర్డు దగ్గరికి పోలేదు. సుద్దముక్క ప్రవళిక చేతికిచ్చి, తను వెనక బెంచీలో, గోడ పక్కన ఆ పిల్ల చోట్లో కూర్చున్నారు.

"నువ్వు చెప్పు. నేను వింటా."

ఆ పిల్ల మొదటి వారమంతా గోడకు ఆనుకుని నిలబడింది. రెండో వారం గొణిగింది. మేడమ్ వెనక నుంచి, "నాకు అర్థం కాలేదు, ఆ రెండు యాడ నుంచి వచ్చింది?" అంటారు. ప్రవళిక వెతుక్కుని చెప్తుంది. "అది సరే, ఈ మైనస్ ప్లస్ ఎట్లైంది?" అంటారు. మళ్ళీ వెతుక్కుంటుంది. చెప్పలేకపోతే పుస్తకం చూసుకుంటుంది. పుస్తకంలో దొరక్కపోతే మేడమ్‌నే అడుగుతుంది. అడగడం ఆ పిల్లకు మొదటిసారి. జనవరి వచ్చేసరికి గొంతు పెరిగింది. సంక్రాంతి సెలవులు ముగిశాక ఒక సాయంత్రం వర్గ సమీకరణాలు చెప్తూ, మేడమ్ మూడోసారి అర్థం కాలేదనేసరికి సుద్దముక్క బల్ల మీద పడేసింది.

"ఎన్నిసార్లు చెప్పాల మేడమ్ మీకు? ఇంత సులువుది."

అని, తాను ఏమన్నదో గ్రహించి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లూదియా మేడమ్ మాత్రం నా వైపు తిరిగి, పరీక్ష ఫలితాలు అప్పుడే వచ్చేసినట్టు నవ్వారు. "విన్న్యావా జాహ్నవీ? సులువంట."

ప్రవళికకు లెక్కల్లో అరవై మూడు వచ్చాయి. మా స్కూలుకు నూటికి నూరు శాతం వచ్చింది. మద్దిలేటి సార్ ఆళ్లగడ్డలో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళ ఫొటోలు మాత్రమే వేయించడం మా అలవాటు. ఈసారి ఎందుకో మొత్తం క్లాసు ఫొటో వేయించారు. అందులో రెండో వరసలో ప్రవళిక ఉంది. రామేశ్వరమ్మ ఫ్లెక్సీ కింద నిలబడి, దారిన పోయే ప్రతి మనిషికీ వేలితో చూపించింది. ఎండలో ఒక పూటంతా చూపించింది. నేను కూడా అక్కడే నిలబడి, నా కూతురైనట్టు, అవునవునని తల ఊపాను.

జూన్‌లో బడి తెరిచాక ఒక మధ్యాహ్నం సార్ స్టాఫ్‌రూముకు తానే వచ్చారు. మామూలుగా కబురు పంపుతారు. గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, రేపు తల్లిదండ్రుల మీటింగు ఉంది కదా. నేను మాట్లాడేది రాసుకున్నాను. మీరు ఒకసారి వింటారా?"

"వింటా సార్. అర్థం కాకపోతే?"

"అందుకే కదా వినమంటున్నది" అన్నారు సార్, నేల చూపులు చూస్తూ.

ఆ రోజు హెడ్మాస్టరు గదిలో ఏం జరిగిందో నేను చూడలేదు. తలుపు వేసి ఉంది. నాలుగైదుసార్లు "కాలేదు సార్" అని వినిపించింది. ఒకసారి మాత్రం సార్ నవ్వు వినిపించింది. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో, లోపలికి తీసుకుపోయిన ఏడు కాగితాలకు బదులు ఒకటే ఉంది.

మర్నాడు మీటింగులో సార్ పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ముందరి ఏడాది గంటా పది నిమిషాలు మాట్లాడారు. పన్నెండు నిమిషాల్లో ఒక్క మ్యాట్రిక్స్ లేదు. చివర్లో, "ఎవరికైనా ఏదైనా అడగాలని ఉంటే అడగండి. నేను సరిగ్గా చెప్పలేదేమో" అన్నారు. లూదియా మేడమ్ అలవాటుగా లేవబోయారు. ఆమెకు అవకాశం రాలేదు. పాములపాడు నుంచి వచ్చిన కమలాక్షమ్మ అనే ఆమె అప్పటికే లేచి నిలబడి, బడి హాస్టల్లో ఉన్న పిల్లకు జ్వరమొస్తే ఎవరు చూస్తారని అడుగుతోంది. ఆమె కూర్చోకముందే ఇంకొకామె లేచింది. ఆ వెనక ఒక తండ్రి. అందరికీ కాచిన టీ చల్లారిపోయింది. మళ్ళీ కాచారు. అదీ చల్లారింది.

మా బస్సు వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర నేను గడియారం చూసుకుంటుంటే మేడమ్ ఫోను మోగింది. ఎజ్రా అన్న.

"ఏంది, ఇంగా రాలేదు? యాడుండావు?"

"ఈన్నే, బడికాడ" అన్నారు మేడమ్. హాల్లో ఇంకో చెయ్యి లేచింది. ఆమె మొహం వెలిగిపోతోంది. "మీటింగు ఐపోతానే లేదు. అందరూ అడుగుతాండారు. నువ్వు అన్నం తినేసెయ్."